గాలి చొరబడు చోటును కనుగొనుట ఎట్లు?
(సూరత్‌లో తెలుగు మోటారు కార్మికుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గముల పనికై సూరత్ చేరిన కుటుంబములు లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో స్థిరపడినవి. ఆ కుటుంబముల బిడ్డలలో మగ్గము విడిచి స్టీరింగు పట్టినవారును కలరు. పాత డీజిలు కారు దారిలో ఆగినచో యజమాని వేయు మొదటి ప్రశ్న "డీజిలు చూచుకొనలేదా?" అని, రెండవది, పంపు ఖర్చు ఎవరు భరింతురని. ఈ రెండింటికిని ఋజువుతో సమాధానము చెప్పగలుగుట మనకు అవసరము.

డీజిలు ఒత్తిడికి దాదాపు కుదించుకొనదు, గాలి కుదించుకొనును. పంపులో గాలి చేరినచో దాని శ్రమ గాలిని నొక్కుటకే సరిపోవును. నాజిల్ తెరచుటకు వలసిన పీడనము రాదు. రాత్రి నిలిపిన బండి ఉదయము చాలసేపు సెల్ఫ్ కొట్టిన గాని అందుకొనకపోవుట, అందుకొని ఆగిపోవుట, ఐడిలింగు ఎగుడుదిగుడగుట, బండి లాగకపోవుట దీని గుర్తులు. 'ఎయిర్ పట్టినది' అని మనము చెప్పుకొనునది దీనినే.

ఇచట ముఖ్య విషయము ఒకటి కలదు. ఫీడ్ పంపు దాటిన పిమ్మట సందు ఉన్నచో డీజిలు కారును, తడి కనిపించును. టాంకు నుండి ఫీడ్ పంపు వరకు పీల్పు ఉండును. అచట ఇంజను నడచునపుడు డీజిలు కారదు, గాలియే లోనికి పోవును. కొన్ని కార్లలో ఇంజెక్షన్ పంపే స్వయముగా పీల్చుకొనును. వానిలో ఫిల్టరు కూడ పీల్పు వైపే. కావున తడి లేదని లీకు లేదనరాదు.

మొదట టాంకులో డీజిలు, ఫిల్టరు, టాంకు మూత గాలిరంధ్రము చూడవలెను. పిదప ఇంజెక్షన్ పంపు ముందు పారదర్శకమైన గొట్టపు ముక్క కలిపి, ఇంజను నడుపుచు బుడగలను గమనించవలెను. బుడగలున్నచో శుభ్రమైన డబ్బాలోని డీజిలును పొట్టి గొట్టముతో పంపునకు నేరుగా అందించవలెను. బుడగలు ఆగినచో దోషము వెనుక భాగమున ఉన్నది. అట్లే ఒక్కొక్క జాయింటు వెనుకకు జరుగుచు పరీక్షించిన చోటు తెలియును. బీటలిచ్చిన రబ్బరు గొట్టములు, వదులైన క్లిప్పులు, బాంజో బోల్టు వాషర్లు, ఫిల్టరు గాస్కెట్టు, చేతి పంపు తరచుగా దొరకు దోషులు. రాగి వాషరు పాతదైనచో క్రొత్తది వేయవలెను. బోల్టును మితిమీరి బిగించుట వలన మరలు చెడును. టాంకులోనికి కంప్రెసరు గాలి పెట్టరాదు.

పాత ఇంజనులో ఫిల్టరు వద్దను, పంపు వద్దను గాలి తీసి బుడగలు లేని డీజిలు వచ్చువరకు చేతి పంపు కొట్టవలెను. కామన్ రైలు బండిలో మాత్రము ఇంజను నడచునపుడు అధిక పీడన గొట్టమును విప్పరాదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును.

పరీక్షా ఫలితమును లాగ్ పుస్తకములో వ్రాయుడు. పంపు మార్చక మునుపే ఈ పని జరుగవలెను. కార్మికుని నిర్లక్ష్యము వలన నేరుగా కలిగిన నష్టమునకు తప్ప, అదియును సంజాయిషీ అవకాశము ఇచ్చిన పిమ్మట తప్ప, జీతములో కోత వేయరాదని 1936 వేతన చెల్లింపు చట్టము నిర్దేశించినది. దాని స్థానమున వచ్చిన 2019 వేతనముల కోడ్ ఈ రక్షణను నిలిపినది. కాలము తీరి చిట్లిన రబ్బరు గొట్టము డ్రైవరు నిర్లక్ష్యము కానేరదు. ఆ గొట్టమును చేత పట్టుకొని చూపగల కార్మికుని జీతము కోయుట సులభము కాదు.