పిల్లల పండుగకు నువ్వుల చిమ్మిలి
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



ప్రతి యేట ఆగష్టు 15వ తేదీన, జనవరి 26వ తేదీన జెండా వందనము ముగిసిన పిదప బడిపిల్లలకు ఏదో యొక తీపి పంచిపెట్టుట మన గ్రామములలో ఆచారము. ఆ తీపి యేదై యుండవలెనో నిర్ణయించుట చాలచోట్ల మీ చేతిలోని పని. పట్టణమునుండి చాక్లెట్ల పొట్లము తెప్పించుట సులభమే. పంచుట క్షణములో ముగియును. రంగు కాగితములు మాత్రము వారము దినములు బడి ఆవరణమున ఎగురుచుండును. ఆ సొమ్ముతో ఊరిలోనే బెల్లపు మిఠాయి చేయించి పంచుడని కోరుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

బెల్లమనగానే వెనుక వరుసలో కొందరు నవ్వుచున్నారు. సారా బట్టీలకు పోవు నల్లబెల్లము కథలు మీకు తెలియనివి కావు. నేను చెప్పునది ఆ బెల్లము కాదు. కాని ముదురు రంగు బెల్లమంతయు హీనమైనదను భ్రమ మనలో చాలమందికి కలదు. కొనువాడు పసుపుపచ్చగా మెరయు దిమ్మనే అడుగును. అడిగిన రంగు తెచ్చుటకై వండువాడు కాగుచున్న రసములో హైడ్రోసు అను గంధకపు మందు కలుపును. అది మితిమీరినచో ఆరోగ్యమునకు హాని. నేనును ఒకప్పుడు ఒక ప్రదర్శనశాలలో అట్టి బంగారు వన్నె దిమ్మను చేతబట్టి, ఇదియే మేలిరకమని ఉపన్యసించితిని. ముందు కూర్చున్న వృద్ధ రైతు ఒకరు, “అయ్యా, అది మందేసిన రంగండీ. మా ఇంట్లోకి మేం అది వాడుకోం” అని నెమ్మదిగా అనెను. సభ ముగిసినదాక నేను మరల ఆ దిమ్మను పైకెత్తలేదు.

చెరకు రసమును కాచునపుడు బెండ కాడల జిగురు వేసి, పైకి తేలిన మడ్డిని తీసివేయుట పాత పద్ధతి. అట్లు వండిన బెల్లము గోధుమ వన్నెలోనో, అంతకు కొంత ముదురుగనో ఉండును. కొనుటకు ముందు చిన్న ముక్కను గ్లాసెడు నీటిలో కరిగించి చూడుడు. అడుగున తెల్లని సుద్ద పేరుకొనినచో ఆ సరకు మనకు వలదు. తాటిచెట్లు గల గ్రామములవారికి తాటిబెల్లము కలదు. లోపల సున్నము పూసిన కుండలో పట్టిన నీరా పులియక నిలుచును. దానినే కాచి బెల్లము చేయుదురు. రంపచోడవరము సమీపమున పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన కేంద్రము ఈ విషయమున కృషి చేసినది.

ఇక మిఠాయి సంగతి. మొదటిసారి చేయువారికి చిమ్మిలి మేలు. నాగుల చవితికి మన యిండ్లలో చేయునదే. పాకముతో పని లేదు. 200 మంది పిల్లలకు తలకు 25 గ్రాముల ఉండ చొప్పున 5 కిలోలు కావలెను. 3 కిలోల నువ్వులు, 2 కిలోల బెల్లము, తరుగుకు మరికొంత తీసుకొనుడు. నువ్వులు పొట్టుతోనే ఉండవలెను. ఇక్కడ కూడ తెల్లదనమే మనలను మోసగించును. పొట్టుతోనున్న 100 గ్రాముల నువ్వులలో వేయి మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు, అనగా కాల్షియము, ఉండును. పొట్టు తీసినచో అందులో చాలభాగము పోవును. నువ్వులను కడిగి, ఇసుక పోగొట్టి, ఆరబెట్టి, సన్నని సెగపై చిటపటలాడువరకు వేయింపవలెను. చల్లారిన పిమ్మట రోటిలో కచ్చాపచ్చాగా దంచి, తురిమిన బెల్లము, ఏలకుల పొడి చేర్చి, నూనె చెమర్చువరకు మరల దంచి ఉండలు కట్టవలెను. ఉండ కట్టుబడనిచో కొంచెము నేయి చేర్చవచ్చును గాని నీరు చిలుకరింపరాదు; నిలువ చెడును. ఈ ఉండ మెత్తన గనుక అంగన్‌వాడీ పిల్లలకును ఇబ్బంది ఉండదు.

బెల్లములో ఇసుక ఉన్నచో చిమ్మిలికి పనికిరాదు. అప్పుడు నీటిలో కరిగించి, గుడ్డలో వడగట్టి, పాకము పట్టి వేరుసెనగ ఉండలు చేయుడు. పాకపు చుక్కను నీటిలో వేసిన గట్టిపడి, పళ్లెము మీద కొట్టిన ఖంగుమని మ్రోగవలెను. బూజు పట్టిన, ముడుచుకొనిన గింజలను మాత్రము ఏరి పారవేయుడు. వాటిలో విషము పుట్టును, వేయించినను అది పూర్తిగా పోదు.

ఒక మాట దాచరాదు. బెల్లము మందు కాదు. మధుమేహము గలవారికి అదియు పంచదార వలెనే రక్తములో చక్కెరను పెంచును. అందుచే ఉండ చిన్నదిగనే ఉండనిండు. ప్రకృతి సిద్ధమైనదని ఏడాది నిండని శిశువునకు తేనె నాకించుట కూడ ప్రమాదకరము. ఈ సంగతి మీ గ్రామమున చాటింపు వేయించినను తప్పు లేదు.

వంట పని మహిళా సంఘమునకు ఒప్పగింపుడు. కూలి ముందే మాటలాడుకొనుడు. సేవ పేరిట ఊరక చేయించుకొనుట నాకు నచ్చదు. వారు అమ్మకమునకు దిగదలచినచో 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద రిజిస్ట్రేషన్ చేయించుకొనవలెను. ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అవియు ఇండ్లలో స్త్రీల చేతి పనియే.

పండుగకు ముందు ఒక మారు కొద్దిగా చేసి చూడుమని వారికి చెప్పుడు. పాకము గట్టిపడి ఉండ కట్టుటకు రానిచో కంగారు పడనక్కరలేదు. మాడకున్నచో కొంచెము నీరు చేర్చి మరల పొయ్యిమీద పెట్టిన కరగి దారికి వచ్చును.