ఒక్క వేలు, మూడు స్వరాలు



పిల్లలకు కీబోర్డు కొనిపెట్టిన తల్లిదండ్రులు ఇక్కడ చాలామందే ఉన్నారు. చర్చిలో, భజనల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాలో ఎలాగూ అదే వాద్యం. ఎడమచేత్తో ఒక్క మెట్టు నొక్కగానే బేసు, గిటారు కలిసి పలుకుతాయి. ఆ సదుపాయం గురించే ఈ పూట మాట్లాడతాను.

సంగీతం తెలిసినవాళ్లు కొందరు దీన్ని చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ అకార్డియన్‌కు పేటెంటు పొందినప్పుడు, అందులో ఒక మెట్టు నొక్కితే ఏకంగా కార్డే, అంటే కలిసి మోగే స్వరాల గుంపే, పలికేది. 1950లో అమెరికాలో హామండ్ కంపెనీ తెచ్చిన ఆర్గన్‌లోనూ ఎడమచేతికి కార్డుల బటన్లే అమర్చారు. పాడాలనే కోరిక ఉండి, వేళ్లు ఇంకా తిరగనివాళ్లకు దారి చూపడం మంచి పనే.

నా బెంగ వేరే ఉంది. సి మెట్టును షడ్జమం అనుకోండి. అదొక్కటే నొక్కితే సి మేజర్ పలుకుతుంది: స, అంతర గాంధారం, ప. మైనర్ కావాలంటే నడిమి గాంధారం ఒక్క మెట్టు కిందికి దిగి సాధారణ గాంధారమవుతుంది, మిగతా రెండూ కదలవు. పాట రంగు మారిపోయేది ఆ ఒక్క స్వరంతోనే. ఒంటివేలితో వాయించే పిల్లవాడు సరిగ్గా ఆ స్వరాన్నే ఎన్నడూ తాకడు. అందుకే రిథమ్ ఆపేసి, కుడిచేత్తో మూడు మెట్లూ విడివిడిగా నొక్కించి, గాంధారం దిగడం వాడి చెవికి వినిపించండి. తర్వాత ఒంటివేలు పద్ధతికి రండి.

మైనర్‌కు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. యమహాలో మూలస్వరంతో పాటు దాని ఎడమపక్క దగ్గరి నల్లమెట్టు నొక్కాలి. ఎడమపక్క తెల్లమెట్టు కలిపితే సెవెన్త్ అనే మరో రకం కార్డు. కాసియోలో కుడివైపు ఏదో ఒక మెట్టు కలిపితే మైనర్, రెండు కలిపితే సెవెన్త్.

ఇక్కడే చేయి తడబడుతుంది. యమహాలో ఎ మైనర్ వేయబోతూ ఎ ముందు నొక్కి, నల్లమెట్టు ఒక్క క్షణం ఆలస్యంగా నొక్కారనుకోండి. ఆ క్షణంలో ఎ మేజర్ పలుకుతుంది. సి ఉండాల్సిన చోట దాని పక్క నల్లమెట్టు స్వరం చురుక్కుమంటుంది. వినేవాళ్లకు ఏం జరిగిందో తెలియదు గానీ ఎక్కడో అపస్వరం పడిందని మాత్రం తెలుస్తుంది. రెండు వేళ్లూ ఒకేసారి, దెబ్బ మీదే పడాలి. పడ్డాక అలా అదిమి ఉంచక్కర్లేదు. రిథమ్ నడుస్తున్నంతసేపూ, మళ్లీ మార్చేదాకా ఆ కార్డునే మిషన్ పట్టుకుని ఉంటుంది.

ఇక మన రాగాల సంగతి. శంకరాభరణానికి ఈ సదుపాయం చక్కగా సరిపోతుంది. సి, ఎఫ్, జి మేజర్ కార్డులు మూడూ కలిపితే ఆ రాగంలోని ఏడు స్వరాలూ వచ్చేస్తాయి. మూడూ ఒంటివేలి కార్డులే. మోహనానికి వచ్చేసరికి జాగ్రత్తపడాలి. ఎఫ్ నొక్కితే మధ్యమం, జి నొక్కితే నిషాదం చొరబడతాయి. ఆ రెండూ మోహనంలో లేనివి. సి మేజర్, ఎ మైనర్ మాత్రమే రాగం దాటకుండా నిలుస్తాయి. సినిమా పాటలో సంగీత దర్శకుడు తెలిసే అన్యస్వర కార్డు వేయొచ్చు, అందంగానూ ఉండొచ్చు. తెలియక పడితే మాత్రం రాగం చెదిరిపోతుంది.

హిందోళం ఇంకా కష్టం. అందులో పంచమమే లేదు. పాట స మీద నిలిచిందని అలవాటుకొద్దీ సి నొక్కితే పంచమం వచ్చి కూర్చుంటుంది, పైగా అంతర గాంధారం కూడా. మైనర్‌కు మార్చితే గాంధారం సరిపడుతుందే తప్ప పంచమం పోదు. దీనికి మందు వేరే చోట ఉంది. జి, ఎ మధ్య నల్లమెట్టు ఒక్కటి నొక్కండి: ధ, స, గ వస్తాయి. ఎఫ్ మైనర్ వేయండి: మ, ధ, స వస్తాయి. రెండింటిలోనూ స ఉంది, పంచమం లేదు.

ఇప్పుడు ఈ కీబోర్డు మీద హిందోళం ఆరోహణ, ముందు సి కార్డుతో, తర్వాత ఆ రెండు కార్డులతో వాయిస్తాను. పంచమం ఎక్కడ వినిపించిందో అక్కడ చేయెత్తండి.