టీమ్ పైసలు ఎవరి ఫోన్‌లో ఉన్నాయి? మా ఊరి క్రికెట్ టీమ్ లెక్క

ఈరోజు కోడింగ్ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. మా తుంగతుర్తి క్రికెట్ టీమ్ పైసల గురించి మాట్లాడుకుందాం. మీ ఊర్లో కబడ్డీయో వాలీబాలో ఆడే టీమ్ ఉన్నా సరే, చివరిదాకా వినండి. నేను చూసినంతవరకు ఊరి టీమ్‌లు మ్యాచ్ ఓడిపోయి విడిపోవు, లెక్క తేలక విడిపోతాయి.

మాదీ అట్లనే అయ్యేది. బీటెక్ అయిపోయి నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్న రోజులు. సంక్రాంతి టోర్నమెంట్‌కి పదిహేను మందిమి తలా 600 వేసుకున్నాం. మొత్తం 9,000. అందరం మా కీపర్‌కే ఫోన్‌పే చేశాం. వాడు ఊర్లోనే ఉంటాడు, నమ్మకస్తుడు. ఎంట్రీ ఫీజు 1,500, జెర్సీలకు 4,500, బాల్స్‌కి 800, టాటా ఏస్ కిరాయి 1,800. కలిపితే 8,600. ఇంకా 400 మిగలాలి.

జెర్సీలు తెచ్చుకునే రోజు షాపాయన ఫోన్ చేసి "పైసలు రాలేదు తమ్మీ" అన్నాడు. కీపర్ ఫోన్ ఎత్తట్లేదు. గ్రూపులో నేనే ముందు మెసేజ్ పెట్టిన: "లెక్క చెప్పు." ఆ వెంటనే ఇంకొకడు "తిన్నట్టున్నడు" అని రాసిండు. రాత్రికల్లా కీపర్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

అసలు జరిగిందేంటంటే, 5వ తారీఖున వాడి బైక్ ఈఎంఐ 3,200 ఆటో డెబిట్ అయింది. ఖాతాలో వాడి సొంత పైసలు లేవు, మా పైసలు ఉన్నాయి. ఏ రూపాయి ఎవరిదో బ్యాంకుకేం తెలుసు? ఎంట్రీ ఫీజు, ఈఎంఐ పోగా 4,300 మిగిలింది. జెర్సీలకు తక్కువైంది 200. అడగడానికి సిగ్గుపడి, ఎక్కడన్నా అప్పు తెచ్చి సర్దుదామని తిరుగుతున్నాడు. ఈలోపు మేం దొంగను చేసేశాం. ఇంటికెళ్లి సారీ చెప్పినా వాడు ఆ టోర్నమెంట్ ఆడలేదు. మేం ఫస్ట్ మ్యాచ్‌లోనే ఇంటికొచ్చేశాం.

తప్పు వాడిది ఎంతో, పద్ధతి లేకుండా పైసలు పంపిన మాదీ అంతే. అందుకే తర్వాత కొన్ని రూల్స్ పెట్టుకున్నాం.

ఒకటి, టీమ్ పైసలకు వేరే సేవింగ్స్ ఖాతా. దానికి ఏ లోనూ, ఏ ఆటో డెబిట్ లింక్ ఉండొద్దు. నెలకోసారి స్టేట్‌మెంట్ ఇంకొకరు కూడా చూడాలి. టీమ్ పెద్దదైతే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉంటే చాలు. అప్పుడు పాన్ కార్డు, బ్యాంకు ఖాతా టీమ్ పేరు మీదే తీసుకోవచ్చు, ఇద్దరి సంతకాలు పెట్టుకోవచ్చు.

రెండు, ఖర్చు పెట్టిన రోజే బిల్లు ఫొటో గ్రూపులో పడాలి. బిల్లు ఇవ్వని ఆటో కిరాయి లాంటివి చేతితో రాసి పెట్టాలి.

మూడు, మైకులో చెప్పిన చందాను జమలో రాయొద్దు. "టీమ్‌కి ఐదు వేలు" అని స్టేజీ మీద అనౌన్స్ చేసినోళ్లు అందరూ ఇస్తారా? చేతికొచ్చాకే జమ. ఆ పైసల్ని నమ్ముకొని అప్పు మీద కిట్ తేవద్దు.

నాలుగు, ప్రైజ్ మనీ ఎట్లా పంచాలో టోర్నమెంట్‌కు ముందే అనుకోవాలి. మాది ముందు బాకీలు, తర్వాత దెబ్బల ఫండ్, మిగిలింది అందరికీ సమానం. దెబ్బలంటే తేలిగ్గా తీసుకోకండి. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభం రోజే గ్యాలరీ కూలి ఎంతోమంది గాయపడ్డారు. అంత పెద్ద పోటీలోనే అట్లయితే, అంబులెన్స్ కూడా లేని మన గ్రౌండ్‌లో వేలు విరిగితే ఎక్స్‌రేకి ఎవరు పెట్టాలి?

ఐదు, ఇవ్వనోళ్ల లిస్ట్ గ్రూపులో పెట్టొద్దు. కూలికి పోయే పిల్లగాడికీ, నెల జీతం తీసుకునే నాకూ 600 ఒకటి కాదు. ఇప్పుడు జాబ్ ఉన్నోళ్లం కొంచెం ఎక్కువ వేస్తాం. ఎవరు ఎంత వేశారో లెక్క చూసే ఇద్దరికే తెలుసు.

ఆ ఇద్దరిలో ఒకడు మా కీపరే. మరుసటి ఏడాది పుస్తకం మళ్లీ వాడి చేతికే ఇచ్చాం. మొదట వద్దన్నాడు. "ఈసారి 200 తక్కువైతే ముందు నాకు ఫోన్ చెయ్" అన్నా. నవ్వి తీసుకున్నాడు.

మీ టీమ్ పైసలు ఎవరి ఖాతాలో ఉన్నాయో ఒకసారి చూసుకోండి. ఆ ఖాతాలోంచి ఏ తారీఖున ఏం కట్ అవుతుందో కూడా అడగండి, కానీ గ్రూపులో కాదు, పక్కన కూర్చొని అడగండి.