వ్యంగ్య చిత్రకారుడు ఆబిద్ సుర్తీ: మన పిల్లలు ఎరుగవలసిన జీవితం

(తిరుపతిలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు పత్రికలలో వ్యంగ్య చిత్రానికి ఘనమైన సంప్రదాయమున్నది. తలిశెట్టి రామారావు గారు భారతి పత్రికలో వేసిన చిత్రాలతో మొదలైన ఆ కళ, బాపు గారి కాలానికి ఇంటింటికీ చేరినది. అయితే నేడు మేము మీ ముందుంచదలచినది గుజరాత్‌లో జన్మించి, హిందీ పాఠకులను దశాబ్దాల తరబడి నవ్వించిన ఆబిద్ సుర్తీ గారి జీవితం. మన ఇళ్లలో ఈ పేరు ఎరిగినవారు అరుదు. అందుకే ఈ ప్రస్తావన.

సుర్తీ గారు 1935లో జన్మించారు. ఒకప్పుడు కలిగిన కుటుంబమే. ఆస్తి కరిగిపోగా బొంబాయి చేరి, డోంగ్రీ ప్రాంతంలో పేదరికంలో పెరిగారు. తెల్లవారకముందే బకెట్టు నీటికై తల్లి వరుసలో నిలుచుట, ఆ నీటికై జరిగే తగవులు ఆయన బాల్యపు జ్ఞాపకాలు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విదేశీ సైనికులు రైలు నుండి విసిరిన బొమ్మల పుస్తకానికై పిల్లలు ఎగబడగా, ఆయన చేతికి ఒక్క పుట చిక్కినది. ఆ పుటను చూచి గీయుట మొదలుపెట్టారు. పిదప జె.జె. చిత్రకళాశాలలో చదివారు.

ధర్మవీర్ భారతి గారు సంపాదకులుగా ఉన్న ధర్మయుగ్ హిందీ వారపత్రికలో సుర్తీ గారి 'ఢబ్బూజీ' కార్టూన్ స్ట్రిప్ దాదాపు మూడు దశాబ్దాలు వెలువడినది. ఢబ్బూజీ పొట్టివాడు, అమాయకుడు, ఒక్కొక్కమారు మహా గడుసువాడు. ఆయనను చూచి నవ్విన లక్షలాది కుటుంబాలలో గీసినవాని మతమేమిటని అడిగి నవ్వినవారెందరు? పొరుగువానితో కలిసి నవ్విన మనిషి ఆ పొరుగువానిని ద్వేషించుట కష్టం. ఆ నవ్వు చేసిన మేలును ఏ లెక్కల పుస్తకమూ చూపజాలదు.

1976లో ఇంద్రజాల్ కామిక్స్ కొరకు ఆయన 'బహాదుర్' అనే వీరుని సృష్టించారు. చిత్రాలు గోవింద్ బ్రాహ్మణియా గారివి. బహాదుర్ ఒక బందిపోటు కుమారుడు. తండ్రి మార్గాన్ని విడిచి, గ్రామస్థులను కూడగట్టి, బందిపోట్ల నుండి వారిని కాపాడుటకు పౌర రక్షణ దళం నిర్మిస్తాడు. పుట్టుకను చూచి మనిషిని నేరస్థునిగా లెక్కించరాదన్న సత్యం పిల్లల కథలో ఇంత సూటిగా పలికినది. అనుమానపు చూపులను భరించే సమాజానికి ఈ కథ అర్థం వేరుగా చెప్పనవసరం లేదు.

ఆయన నవలలు, నాటకాలు, కథలు కూడా వ్రాశారు. 'తీస్రీ ఆంఖ్' కథా సంపుటికి 1993లో జాతీయ పురస్కారం లభించినది. వయసు డెబ్బది దాటిన పిదప, 2007లో, తనకు వచ్చిన సాహిత్య పురస్కారపు సొమ్ముతో 'డ్రాప్ డెడ్ ఫౌండేషన్' స్థాపించారు. ప్రతి ఆదివారం ఒక కుళాయి పనివానిని వెంటబెట్టుకొని, ముంబయి సమీపంలోని మీరా రోడ్డులో ఇంటింటి తలుపు తట్టి, కారే కుళాయిలను ఉచితంగా బాగుచేయించసాగారు. క్షణానికొక బొట్టు కారే కుళాయి నెలకు సుమారు వేయి లీటర్లు వృథా చేయునన్నది ఆయనను కదిలించిన లెక్క.

సోదరులారా, ఇది మన సీమకు ఎంతగా వర్తించునో ఆలోచించండి. బోర్లు ఎండి, ట్యాంకరు కొరకు బిందెలు వరుసపెట్టే చిత్తూరు, మదనపల్లె వీధులు మనకు కొత్త కావు. పారే నది ఒడ్డునైనా వుజూకు నీటిని వృథా చేయరాదని దైవప్రవక్త (స) బోధించారు. మన మసీదుల వుజూఖానాలలో కారే కుళాయిలెన్నో మనమే లెక్కించుకోవాలి.

ఒక మాట స్పష్టం చేయవలసియున్నది. మంచి పనులు చేసి చూపినప్పుడే ముస్లిములకు హక్కులు దక్కునని మా అభిప్రాయం కాదు. రాజ్యాంగపు 19వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛను, 29వ అధికరణం మన భాషా సంస్కృతులను కాపాడుకొను హక్కును ఏ షరతూ లేని సేవకు బదులుగా ఇచ్చినవి కావు. పౌరులుగా, సమాజంగా మనకున్నవి. అయితే హక్కును వాడుకొననివానికి అది కాగితం మీదనే మిగులును. ప్రభుత్వ కార్యాలయాలలో ఏండ్ల తరబడి అర్జీలు చూచినవారము మేము. నాలుగు పుటల అర్జీ చెప్పలేని బాధను నాలుగు గీతల బొమ్మ చెప్పగలదని మాకు తెలియును.

జీవుల చిత్రాల విషయమై మన పండితులలో భిన్నాభిప్రాయాలున్నవి. ఆ చర్చను తీర్చు అర్హత మాకు లేదు. తల్లిదండ్రులకు మా విన్నపం ఇంతే: నోటుపుస్తకం చివర బొమ్మ కనబడగానే దండించక, ఆ బిడ్డ చూచిన లోకమేమిటో అడగండి. పెద్దలతో మాట్లాడండి, ఉపాధ్యాయుని సలహా తీసుకోండి. వ్రాయగల బిడ్డ వ్రాయాలి, గీయగల బిడ్డ గీయాలి. మన గురించి పరులు గీసిన బొమ్మలు చాలా చూచినాము. మన బిడ్డలు గీసినవి కూడా పత్రికలలో రావాలి.

ఈ శుక్రవారం జుమా నమాజు తరువాత ప్రతి మసీదు కమిటీ తన వుజూఖానా కుళాయిలను పరిశీలించవలెనని, విద్యార్థులు తమ వీధి నీటి కష్టాన్ని ఒక బొమ్మగానో ఒక పుట వ్యాసంగానో రూపొందించి పత్రికలకు పంపవలెనని కోరుచున్నాము. అల్లాహ్ మన బిడ్డల చేతులకు నేర్పును, మన మాటకు సత్యమును ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాం.