మూర్ఛయా? సొమ్మసిల్లుటయా?

బడిలో ప్రార్థనకు నిలిచిన బాలిక ఉన్నట్టుండి కూలును. కాలుసేతులు రెండుమూడుమారులు కొట్టుకొనును. చూచినవారు మూర్ఛ యందురు. వైద్యులమైన మేమును తొందరపడి ఆ మాటయే అనుట కలదు. ఆపై ఏండ్లతరబడి అక్కరలేని మాత్రలు!

మనము నిలువబడినంతనే 500 మొదలు 800 మిల్లీలీటర్ల రక్తము కాళ్లలోనికిని, పొట్టలోనికిని దిగును. నరములు వెంటనే రక్తనాళములను బిగించి ఆ లోటు తీర్చును. కొందరిలో కొంతసేపటికి ఈ కట్టుబాటు తప్పి, నాడి మందగించి, రక్తపుపోటు పడిపోవును. దీనిని కన్నులార చూచుటకే వాలుబల్ల పరీక్ష. రోగిని బల్లపై పట్టీలతో బిగించి, పాదముల క్రింద పలక అమర్చి, తలవైపు 60 లేక 70 డిగ్రీలు ఎత్తి, 20 మొదలు 45 నిమిషములు నాడిని, రక్తపుపోటును గమనింతుము. కావలసినచో నాలుక క్రింద నైట్రోగ్లిసరిన్ ఇత్తుము. రోజ్ ఆన్ కెన్నీ ప్రభృతులు 1986లో లాన్సెట్ పత్రికలో ఈ పద్ధతిని ప్రకటించిరి.

స్పృహ తప్పగానే బల్లను దించుదుము. రోగి త్వరలోనే తేరుకొనును. "ఇదే, నాకు ఇట్లే వచ్చును" అని రోగి పలుకు మాట మాకు యంత్రపు అంకెలతో సమానమైన సాక్ష్యము. పరీక్షలో ఏమియు బయటపడనంత మాత్రమున జబ్బు లేదనరాదు. బయటపడినచో, కన్నులు చీకట్లు క్రమ్మగానే పడుకొని కాళ్లెత్తుట నేర్పుదుము. అనేకులకు మందే అక్కరలేదు.