మంచు వంతెన కట్టని శీతాకాలాలు



స్నాతకోత్సవంలో హితబోధ చేయడం ఆనవాయితీ. నేను మాత్రం తోడేళ్ల సంగతి చెబుతాను.

సుపీరియర్ సరస్సులో అమెరికాకు చెందిన ఐల్ రాయల్ అనే దీవి ఉంది. గుర్రమంత ఎత్తుండే మూస్ అనే దుప్పిజాతి జంతువులు 20వ శతాబ్దం మొదట్లో అక్కడికి చేరాయి. 1940ల చివర్లో సరస్సు గడ్డకట్టినప్పుడు ఆ మంచు మీదుగా తోడేళ్లు నడిచొచ్చాయి. 1958 నుంచి శాస్త్రవేత్తలు ఈ రెంటినీ లెక్కపెడుతూనే ఉన్నారు. దీవిలో తోడేలు ఒక్కటే మూస్‌ను వేటాడేది. కాబట్టి లెక్క ఇట్టే తేలిపోవాలి. తేలలేదు, మధ్యలో వాతావరణం దూరింది.

మంచు లోతుగా పడిన ఏడాదిలో తోడేళ్లు పెద్ద గుంపులు కట్టి వేటకు వెళ్తాయి. అలాంటి శీతాకాలాల్లో ఒక్కో గుంపు రోజుకు చంపే మూస్‌లు దాదాపు మూడింతలవుతాయని ఎరిక్ పోస్ట్, రోల్ఫ్ పీటర్సన్ బృందం 1999లో చూపింది. మూస్‌లు తగ్గితే అవి మేసే ఫర్ మొక్కలు తేరుకుంటాయి. ఎక్కడో అట్లాంటిక్ మీద గాలి ఒత్తిడి మారితే ఇక్కడ మంచు లోతు మారి, దాంతో చెట్టు ఎదుగుదల మారుతుందన్నమాట!

మంచు తగ్గితే వేట తగ్గుతుంది కదా, అయితే వేడెక్కడం మూస్‌కు లాభమేనా? కాదు. వెచ్చని ఏళ్లలో పిడుదులు ఎక్కువై నెత్తురు పీలుస్తాయి. దురద భరించలేక మూస్ ఒళ్లు చెట్లకు రుద్దుకుని బొచ్చు పోగొట్టుకుంటుంది. అలాగని కటిక చలి మేలనీ అనలేం. 1995లో 2,400 దాకా ఉన్న మూస్‌లు 1996 నాటి కఠిన శీతాకాలం, మేత కొరత, పిడుదుల వల్ల 500కు పడిపోయాయి. ఆ పాపంలో తోడేళ్ల వాటా తక్కువే.

తోడేళ్లను దెబ్బతీసింది వేరు. 1980లో 50 ఉన్నవి, కుక్క వల్ల వచ్చిన పార్వో వైరస్‌తో రెండేళ్లలో 14కు తగ్గాయి. మిగిలినవి దగ్గరి చుట్టాలతోనే జతకట్టి బలహీనపడకుండా కొత్త రక్తం రావాలంటే సరస్సు గడ్డకట్టాలి. వెచ్చబడుతున్న శీతాకాలాల్లో ఆ మంచు వంతెన అరుదైపోయింది. 1997లో ఒక మగ తోడేలు దాటి వచ్చి వంశాన్ని కొన్నేళ్లు నిలబెట్టింది. 2014లో మళ్లీ వంతెన కట్టింది గానీ, కొత్తది ఏదీ రాలేదు. ఉన్న ఒక ఆడతోడేలు బయటికి వెళ్లి చనిపోయింది. 2018 నాటికి మిగిలినవి రెండే, అవీ తండ్రీకూతుళ్లు.

అప్పుడు 2018-19లో మనుషులే 19 తోడేళ్లను తెచ్చి వదిలారు. ప్రకృతిని దాని మానాన వదిలేయాలని కొందరు అభ్యంతరపెట్టారు. మంచు వంతెన కట్టకపోవడంలో మన చేయి ఉన్నప్పుడు ఆ వాదన నాకు చెల్లదనిపిస్తుంది. మీరు ఒప్పుకోనక్కర్లేదు, విభేదిస్తే మాత్రం అరవై ఏళ్ల ఆ లెక్కలు చదివి వాదించండి.