పూతకు తిరిగిన ఆకుకూర
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ నాకన్న ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు. నాకు అప్పగించిన విషయం పెరటి ఆకుకూరలు. నేను ముప్పయ్యేళ్ళ పైచిలుకు ఫైళ్ళు మోసిన గుమాస్తానే గాని వ్యవసాయం చదివినవాణ్ణి కాను. పెరట్లో చూసినదీ, పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నదీ మనవి చేస్తాను.

మన సభ్యులొకరికి వారి అబ్బాయి అమెరికా నుంచి లెట్యూస్ విత్తనాలు తెచ్చి ఇచ్చాడు. పెద్ద హోటళ్ళలో సలాడ్‌లో పచ్చిగా వేస్తారే, ఆ ఆకు. డాక్టరుగారు పచ్చి ఆకులు తినమన్నారని వారు ఫిబ్రవరి నెలాఖరున మడి కట్టి చల్లారు. ఏప్రిల్ వచ్చేసరికి గుబురుగా ఉండవలసిన మొక్క నడుమ నుంచి కాడ ఎత్తి, నడుమెత్తు పెరిగి, పూతకు తిరిగింది. ఆకు తుంపితే పాలు, నోట్లో పెడితే చేదు. "విత్తనం మంచిది కాదండీ, అమెరికా వాడు మోసం చేశాడు" అన్నారు. విత్తనంలో దోషమేమీ లేదు. దాని శాస్త్రీయ నామం లాక్టుకా. లాటిన్‌లో 'లాక్' అంటే పాలు. మొక్క పూతకు తిరిగినప్పుడు ఆ పాలూ, చేదూ హెచ్చుతాయి. ఇంగ్లీషులో దీన్నే బోల్టింగ్ అంటారు.

లెట్యూస్ మనకు కొత్త గాని ఈ జబ్బు కొత్త కాదు. నిజానికి జబ్బే కాదు. పెరడున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు: కొత్తిమీర చారెడు కోసుకునే లోపే సన్నటి ఆకులేసి తెల్లటి పువ్వు పూస్తుంది. తోటకూర జానెడైనా ఎదగకుండానే కంకి వేస్తుంది. నీళ్ళు చాలలేదనో, ఎరువు తక్కువైందనో అనుకుంటాం. నీటి ఎద్దడీ, ఇరుకూ పూతను త్వరపెట్టే మాట నిజమే. కాని అసలు సంగతి పగలూ రాత్రుల లెక్కలో ఉంది.

ఈ లెక్కను అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు 1920లో లోకానికి చెప్పారు. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవి అంతా పూయకుండా పెరుగుతూనే పోయేది. వారు దాన్ని రోజూ పొద్దుండగానే చీకటి గదిలో పెట్టి పగటిని కుదించారు. పూసింది! మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రి చీకటిని అని తరువాతి వారు తేల్చారు. మన హాజరు పట్టీ కంటె కచ్చితమైన లెక్క అది.

మన కోనసీమలో పగలు డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు. తేడా రెండే గంటలు, అయినా మొక్కకు అది చాలు. ఇక్కడ ఆకుకూరలు రెండు పార్టీలండి. కొత్తిమీర, పాలకూర, లెట్యూస్ ఒక పార్టీ: పగలు పెరిగి, ఎండ ముదిరితే పూతకు పోతాయి. తోటకూర, గోంగూర ప్రతిపక్షం: పగలు తగ్గితే పూస్తాయి. అందుకే జ్యేష్ఠంలో వేసిన గోంగూర మనిషెత్తు ఎదిగినా ఆకే ఇస్తుంది. ఆశ్వయుజంలో వేసినది మోకాలెత్తు కాకుండానే పూస్తుంది. రెండు పార్టీలనూ ఒకే రోజున, ఒకే మడిలో చల్లితే ఏదో ఒకటి అలగక తప్పదు.

మొదటి పార్టీకి కార్తీకం నుంచి సంక్రాంతి వరకూ అదను. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి, నేరుగా మడిలోనే చల్లాలి. పీకి నాటితే ఆ దెబ్బకే పూతకు తిరుగుతుంది. ఒకేసారి అంతా చల్లకుండా పదిహేను రోజులకొక చిన్న మడి చొప్పున చల్లండి. నలభై రోజుల లోపు వేళ్ళతో పీకి వాడేయండి. లెట్యూస్ విత్తనం వేడిలో మొలవదు. పైన మన్ను పొరలా వేస్తే చాలు, దానికి వెలుతురు కావాలి. తోటకూర, గోంగూరలకు మాఘం దాటాక మొదలుపెట్టి శ్రావణం దాకా వేళ.

కొబ్బరి నీడ గురించి ఒక మాట. నీడ వేడిని తగ్గిస్తుంది గాని పగటిని కుదించదు. మధ్యాహ్నపు ఎండ తగలకుండా కొబ్బరాకుల తడిక కట్టి, మొదట్లో తడిసిన కొబ్బరిపొట్టు పరిస్తే కొత్తిమీర మరో వారం పది రోజులు ఆగుతుంది. మార్చి ఎండల్లో ఏ తడికా ఆపలేదు. వీధిదీపం వెలుగు రాత్రంతా పడే మూల గోంగూర ఆలస్యంగా పూయడం కూడా ఈ చీకటి లెక్క వల్లనే. పంచాయతీవారు దీపం మార్చినప్పుడల్లా మన గోంగూర సంగతి వారికి తెలియదు పాపం!

కాడ ఎత్తిన తరువాత లెట్యూస్ తల తుంచినా తీపి రాదు. ఆవుకు వేయవచ్చు. తోటకూరను మాత్రం కంకి కనపడగానే తుంచితే పక్క పిలకలు వేసి కొన్నాళ్ళు ఆకు ఇస్తుంది. లేత కాడలు పులుసుకు పనికివస్తాయి. కొత్తిమీర పచ్చి గింజ పచ్చడిలో నూరితే ఆ వాసన బజారు ధనియాలకు రాదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది విత్తనం సంగతి. 1996 నవంబరు 6 తుఫాను మీ అందరికీ గుర్తే. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మా పెంకుటింటి కప్పు లేచిపోయి, దూలానికి మూటలు కట్టి వేలాడదీసిన మా అమ్మ విత్తనాలన్నీ కొట్టుకుపోయాయి. లంక గ్రామంలో ఉన్న మా మేనత్త గుప్పెడు ఎర్ర తోటకూర విత్తనం ఇచ్చింది. ఇస్తూ ఒక్కటే షరతు పెట్టింది: "ముందు పూసిన మొక్క గింజ తియ్యకురా. అందరికన్న వెనక పూసినదాన్ని ఉంచు."

అప్పట్లో అది చాదస్తమనుకున్నవారున్నారు. ఆలోచిస్తే ఎంత శాస్త్రం ఉందో చూడండి. తొందరపడి పూసిన మొక్కకే ముందు గింజ పండుతుంది, చేతికి ముందు అందేదీ అదే. ఏటా దాన్నే దాచుకుంటూ పోతే కొన్నేళ్ళకు పెరడంతా తొందరపాటు మొక్కలే మిగులుతాయి. ఆకు కోసం పెంచిన కూర కంకి కోసం పెంచినట్టవుతుంది. అమ్మకు ముందు కంకులు కోసిపెట్టే ఉత్సాహం మనవలకు ఎక్కువ. వారిని ఆపడమే పెద్ద పని. ముందు పూసినవాటిని పీకి వండేసి, ఆకు దండిగా ఇచ్చి ఆఖరున పూసిన నాలుగైదు మొక్కలను ఉంచండి. ఒక్క మొక్కనే ఉంచితే వంశం పలచబడుతుంది. గాలికి పుప్పొడి కలుస్తుంది గనుక వేరే రకం తోటకూరను ఆ దగ్గర పూయనివ్వవద్దు. కంకి ఎండాక దులిపి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పోసి మూత బిగించాలి.

ఆ లంక విత్తనం ఈనాటికీ మా పెరట్లో ఉంది. అమ్మా లేదు, మేనత్తా లేదు. మా పిల్లలు ఊళ్ళో లేరు. అపార్టుమెంటు బాల్కనీలో వారు ఎన్ని కుండీలు పెడతారో తెలియదు. ఒకే ఇంట ఉన్న విత్తనం ఒక వాననో, ఒక ఎలుకనో తట్టుకోలేదు.

అందుకని సభ ముగిశాక కాఫీ బల్ల పక్కన పొట్లాలు పెట్టాను. మనిషికి రెండు చొప్పున తీసుకోండి. ఎర్ర తోటకూర పొట్లం మీద 'మాఘం దాటాక' అని రాశాను. ధనియాల పొట్లం మీద 'రేపే' అని రాశాను. వచ్చే ఏడాది ఇదే సభకు వెనక పూసిన మొక్క గింజ చెంచాడు తెచ్చినవారి పేరు నా నోటుపుస్తకంలో రాసుకుంటాను.

సెలవు.